కవర్ వెనక పేరు

నల్లగండ్లలో ఉండే రామ్మోహనరావు నలభై ఏళ్లుగా జాజ్ రికార్డులు సేకరిస్తున్నాడు. పెద్ద పేర్లకంటే, కవర్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే వాద్యకారులంటేనే ఆయనకు ఇష్టం. అలాంటి ఒకాయన, సికింద్రాబాద్ హోటల్ బ్యాండులో శాక్సఫోన్ ఊదిన శివశంకర్, పుప్పాలగూడలోనే ఉన్నాడని తెలిసి, ఆదివారం పొద్దున రికార్డూ ప్లేయరూ పట్టుకుని వెళ్లాడు.

శివశంకర్ ఆ రికార్డును ఎప్పుడూ వినలేదట. అది వచ్చేసరికే బ్యాండు విడిపోయింది. సంగీతం మొదలవగానే కళ్లు మూసుకున్నాడు.

“గిది ఊదింది నేనేనా సార్? జర మళ్ల పెట్టుండ్రి.”

“మీరేనండి. ఇరవై ఏళ్లుగా వింటున్నాను.”

మూడోసారి విన్నాక శివశంకర్ లేచి, బీరువా మీది శాక్సఫోన్ దించి ఊదాడు. మొదటి స్వరం పలకలేదు. ఇద్దరూ నవ్వారు. రెండోది వణుకుతూనే గదంతా నిండింది.

“వచ్చే ఆదివారం గూడ రాండ్రి సార్. అప్పటిదాక సాధన చేస్త,” అన్నాడు శివశంకర్.