వాచీ మీది పొర

మూడో వరుసలో ఎడమ చివరి వాచీకి కీ ఇచ్చాడా, ఇవ్వలేదా? బాబాయి వేళ్ళు దాని బుడిపె మీదే ఆగిపోయాయి. పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తూ భార్య అడిగిన ప్రశ్న ఇంకా బుర్రలో తిరుగుతోంది మరి.

"అమ్మకానికి లేని సరుక్కి కొట్టెందుకయ్యా?"

నిజమే, ఎందుకు? అద్దాల బీరువాల నిండా వాచీలున్నాయి. ప్రతిదాని పక్కనా 'చూడ్డానికి మాత్రమే' అని రాసిన అట్టముక్క ఉంది. కొనేవాళ్ళు వస్తారు, బతిమాలతారు, ఉత్త చేతులతో పోతారు. కంపెనీ ఎప్పుడో ఒక వాచీ పంపుతుంది. ధర మాత్రం ఎప్పటికప్పుడు పెంచుతుంది. ఆ ధర చీటీలు మార్చడం కూడా బాబాయి పనే. ఆయనకి తెలిసిన లోకంలో ధర పెరిగితే జనం తగ్గేవారు. ఇక్కడ పెంచినకొద్దీ ఎగబడుతున్నారు. ఇదేం చోద్యమో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ఆ మాటే చెప్పబోతే భార్య నవ్వేసింది. "అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అని ఊరికే అన్నారా?"

యజమాని నిజంగా అల్లుడే. కొట్టు పెట్టిన పెద్దాయన పోయాక ఆయన కూతురి మొగుడు ఆ కుర్చీలో కూర్చున్నాడు. అందరూ అల్లుడుగారనే పిలుస్తారు. చెడ్డవాడేం కాదు. రోజంతా "లేదండీ, లేదండీ" అనడమే ఆయన ఉద్యోగం, పాపం.

బాబాయి బక్కపలచని మనిషి. అరిగిన కాలరు తిరగేసి కుట్టించుకున్న తెల్లచొక్కా, ఏదో అద్దంలోకి తొంగిచూస్తున్నట్టు ముందుకు వంగిన భుజాలు. అరచేతులు మాత్రం ఏ కాలంలోనైనా వెచ్చగా ఉంటాయి. ఆ చేతులు చూసే పెద్దాయన పనిలో పెట్టుకున్నాడు. "ఒరేయ్, ముందు వాచీని గుప్పెట్లో వెచ్చబెట్టు. కీ ఇవ్వు. ఆ పైన పొర ఒక్క లాగులో తీసెయ్. కొన్నవాడి చేతికి చల్లటి ఇనుము తగలకూడదు" అని నేర్పాడు. పొరంటే అద్దం మీద గీతలు పడకుండా కంపెనీ అంటించే పల్చటి ప్లాస్టిక్. అది సర్రున ఊడి, కింద అద్దం తళుక్కుమంటే కొన్న మనిషి ముఖం కూడా వెలిగేది. బాబాయికి పనిలో సంబరమంటే అదొక్కటే.

ఆవేళ శనివారం, క్రేనాయన వచ్చే రోజు. ఆయన రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. నీలం ముఖం వాచీ ఒకటి కొనుక్కోవాలని ఉద్యోగకాలమంతా కూడబెట్టాడు. చేతిలో డబ్బు పోగయ్యేసరికి ధర ముందుకి ఉరికేది. తీరా ధరని అందుకునేసరికి సరుకే రావడం మానేసింది. అయినా ప్రతి శనివారం వచ్చి, అద్దం ముందు నిలబడి, చూసి వెళ్ళేవాడు.

"ఎందుకండీ మీకింత పట్టుదల?" అని బాబాయి ఓసారి అడిగేశాడు.

"అంత ఎత్తున ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి బాబాయ్. పలకరించే దిక్కు లేదు. ఏదో ఒకటి నాతోపాటు నడుస్తుంటే బాగుండుననిపించేది."

ఈసారి వచ్చే వాచీ మీకేనండీ అని బాబాయి మాటిచ్చేశాడు. ఇవ్వడానికి తనెవరని అప్పుడు తట్టలేదు. ఈమధ్య చాలా వారాలుగా క్రేనాయన కనబడలేదు. కోపం వచ్చిందేమోనని బాబాయికి ఒకటే బెంగ.

మధ్యాహ్నం నీలం ముఖం వాచీ వచ్చింది. ఒకే ఒక్కటి.

"అల్లుడుగారూ, మన క్రేనాయన ఎదురుచూస్తున్నాడు కదండీ..." అని బాబాయి నసిగాడు.

"ఆయన మన దగ్గర ఇంకేమన్నా కొన్నాడా బాబాయ్? పెట్టెలాయన దీనికోసమని ఎవరూ అడగని వేరే రకం వాచీలు నాలుగు కొన్నాడు. దారిలో ఉన్నాడు. నువ్వు ట్రే సిద్ధం చెయ్."

పెట్టెలాయన పేరుకి తగ్గవాడే. వాచీ కన్నా ముందు పెట్టె మూలలు తడిమి చూస్తాడు. కొన్నవన్నీ ఇనప్పెట్టెలో దాచి, ధర పెరిగాక అమ్ముతాడట. అన్ని వాచీలు కొన్న మనిషి మణికట్టు ఎప్పుడు చూసినా బోసిగానే ఉంటుంది. వచ్చి కూర్చుని, ఫోను పైకెత్తి పట్టుకున్నాడు.

"ఊఁ, పెట్టెలోంచి తియ్యండి. వీడియో తీసుకుంటాను."

చేతితొడుగులు వేసుకోవాలని కొత్త నియమం. బాబాయి మరిచిపోయాడు. వాచీని గుప్పెట్లో వెచ్చబెట్టాడు. కీ ఇచ్చాడు. లోపల చిన్న గుండెలా కొట్టుకోవడం మొదలైంది. గోరు పొర అంచు కిందికి దూరింది.

సర్రు.

పెట్టెలాయన ఎగిరి నిలబడ్డాడు. "అయ్యో అయ్యో! ఏం చేశారండీ? పొర ఊడితే పాతదానికింద లెక్క కదా!"

"ఇప్పుడే వచ్చిందండీ. పాతదెలా అవుతుంది? పెట్టుకుంటారని..."

"పెట్టుకోడానికా నేను కొనేది?"

పెట్టెలాయన విసవిసా వెళ్ళిపోయాడు. అల్లుడుగారి ముఖం ఎర్రగా కందిపోయింది.

"నిజం చెప్పు బాబాయ్. కావాలనే చేశావా?"

బాబాయి తన చేతులకేసి చూసుకున్నాడు. వేళ్ళు వాటంతటవే చేశాయా, తనే చేశాడా? ఎంత వెతుక్కున్నా లోపల ఏమీ దొరకలేదు. "తెలియడం లేదండీ" అన్నాడు. అబద్ధం కాదది.

"ఇంక దీన్ని కంపెనీ వెనక్కి తీసుకోదు. పిలువు నీ క్రేనాయన్ని. రేపట్నుంచి నువ్వు ఇంటిపట్టున ఉండు."

మొదటి మాట విన్న సంతోషంలో రెండోది బాబాయి చెవికెక్కలేదు. గబగబా ఫోను చేశాడు. ఆడగొంతు పలికింది.

"వాచీల కొట్టు బాబాయిగారా? ఆయన భార్యనండీ. ఆయన పోయి నెల దాటింది. నిద్రలోనే పోయారు. మీకు చెప్పాలని తోచలేదు, ఏమీ అనుకోకండి."

బాబాయి నోటికొచ్చిందొకటి అనేశాడు. "వాచీ వచ్చిందమ్మా." అని నాలుక కరుచుకున్నాడు.

"వచ్చిందా!" అందావిడ. "శనివారం వచ్చిందంటే చాలు, దేన్ని చూసొచ్చేవారో నేనెప్పుడూ చూడనేలేదు. నడుస్తోందా?" అని అడిగింది.

"నడుస్తోందమ్మా. ఇప్పుడే కీ ఇచ్చాను."

"ఒక్కసారి వినిపిస్తారా?"

బాబాయి ఫోనుని వాచీకి ఆనించి పట్టుకున్నాడు. కొనడానికి వచ్చిన ఎవరికో "లేదండీ" అని చెబుతున్న అల్లుడుగారు సగంలో ఆగి ఇటు చూశాడు. ఫోనులోంచి సన్నగా గొంతు వచ్చింది.

"ఏం వినపడ్డం లేదండీ."

బాబాయి ఇంకా దగ్గరగా నొక్కిపట్టాడు.

"పర్లేదు లెండి. కాసేపు అలాగే ఉంచండి."

అలాగే ఉంచాడు. చెయ్యి తిమ్మిరెక్కింది. ఆవిడ ఫోను ఎప్పుడు పెట్టేసిందో తెలియలేదు. అల్లుడుగారి రెండో మాట అప్పుడు గుర్తొచ్చింది. వాచీని ట్రేలో పెట్టి, బీరువాల తాళంచెవులు అల్లుడుగారి బల్లమీద పెట్టాడు. బయటికొచ్చాక, రేపు ఎలాగూ ఆదివారమేగా అనుకున్నాడు బాబాయి. ఎల్లుండి గురించి ఆలోచించబోతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి తన కోసమో, ఆ ముసలావిడ కోసమో తెలియక, అటూ ఇటూ చూసి ఇంటిదారి పట్టాడు.

అల్లుడుగారు ఆ పొరని తిరిగి అంటించాలని చాలాసేపు అవస్థ పడ్డాడు. అది అంటుకోలేదు. అందరూ వెళ్ళిపోయాక, ట్రేలో నడుస్తున్న వాచీ పక్కన, బాబాయి బొటనవేలి ముద్రతో, చుట్టచుట్టుకుని మిగిలింది.