అంట్లు అంటుకున్నాయి

“నిన్నటి కూరే వేడి చేసి పెట్టావు కదూ?” వాంతి చేసుకుని బాత్‌రూమ్‌లోంచి బయటికొచ్చిన మా ఆయన అన్న మొదటి మాట అది. “చెయ్యి శుభ్రంగా ఉండాలమ్మా,” అని హాల్లోంచి అత్తగారు అందుకున్నారు. ఆ కూర మేమూ తిన్నాం, మాకేం కాలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ, నేల తుడవడానికి వంగిన మనిషికి వాదించే ఓపిక ఎక్కడుంటుంది? ఈ ఇంట్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా ముందు నా చేతివంకే చూస్తారు. దుప్పట్లు ఉతికాను. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు గుక్కగుక్కగా తాగించాను. బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చినప్పుడల్లా సబ్బుతో చేతులు కడుక్కోమంటే, ఆయన శానిటైజర్ రెండు చుక్కలు పులుముకుని “చాల్లే” అనేవారు.

ఆయన కోలుకుని ఆఫీసుకి వెళ్లడం మొదలెట్టాక నా వంతు వచ్చింది. నిలబడలేక గోడ పట్టుకుంటే, “అయ్యో, మరి వంట?” అన్నారు ఆయన. ఒళ్లు మండిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆయన్ని అడిగింది. “మీ ఆఫీసులో ఎవరికైనా వాంతులయ్యాయా?”

“మా మేనేజర్‌కి... అయ్యాయి,” అని నసిగారు.

“ఇది వైరస్. అక్కణ్నుంచి మీరు తెచ్చారు, ఈవిడకి అంటించారు. కూర తప్పేం లేదు. శానిటైజర్‌కి ఇది సరిగా చావదు, సబ్బుతో రుద్ది కడగాలి. కుళాయిలూ తలుపు హ్యాండిళ్లూ బ్లీచింగ్ నీళ్లతో తుడవండి. నీళ్లు తాగిస్తూ ఉండండి. నోరు ఎండిపోయినా, మూత్రం తగ్గినా వెంటనే తీసుకురండి. ఇంకో మాట, తగ్గాక కూడా రెండ్రోజులు ఈవిడ వంటింట్లో అడుగుపెట్టకూడదు.”

“మరి వంట?” మళ్లీ అదే మాట.

“మీకు తగ్గి రెండ్రోజులు దాటిందిగా. మీరు వండొచ్చు.”

కూర తప్పేం లేదు! ఆ మాట వినగానే ఏడుపొచ్చేసింది. ఇన్నేళ్లుగా గుండెల మీదున్న బరువు దిగిపోయినట్టు హాయిగా ఉంది.

గది తలుపేసుకుని పడుకున్నాను. వంటింట్లో గిన్నెలు దబదబా పడుతున్నాయి. “అడుగు మాడింది, నానబెట్టి తోమరా,” అంటున్నారు అత్తగారు. కాసేపటికి నా తలుపు దగ్గర ఆవిడ గొంతు మెల్లగా వినిపించింది. “లేవకు, పడుకో. నా రోజుల్లో ఈ డాక్టరమ్మ ఎక్కడుందో!”

నాకు పూర్తిగా తగ్గింది. ఆ పైన రెండ్రోజులూ గడిచిపోయాయి. ఆయన నురగ చేతులతోనే గుమ్మంలో నిలబడ్డారు.

“ఇంకా అంటుకుంటుందా?”

“వైరస్ అంటుకోదు,” అన్నాను దిండు సర్దుకుంటూ. “అంట్లు మాత్రం మీకు అంటుకున్నాయి. వాటికి మందు లేదు.”