మూగ చిందు మధ్యలో మైకు

నేను ఒక మైకును. మైకం నాది కాదు, నన్ను పట్టుకున్నవాళ్ళది. జర్మనీలో నన్ను బిగించినవాళ్ళు 'ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది' అని పెట్టె మీద అచ్చు వేశారు. ఉన్నదేదీ లేనివాళ్ళ చేతిలో పడితే ఏం వినిపించాలో మాత్రం వెయ్యలేదు. క్రొయేషియా చేరి ఒక చర్చిలో ఆరేళ్ళు ఫాదర్ గారి తుమ్ములు మోశాను. తర్వాత సముద్రం ఒడ్డున ఒక హోటల్లో తంబోలా అంకెలు అరిచాను. నేను స్మిల్యానా అనే పాటగత్తె చేతికి చిక్కింది అక్కడే.

అప్పుడామెకు ఇరవై రెండేళ్ళు. తంబోలా అంకెలు చదవడం అయ్యాక, టూరిస్టులు చేప ముళ్ళు ఏరుకుంటుంటే ఇటాలియన్ పాటలు పాడేది. ఆమె పాడేది, అవి పాడయ్యేవి. ఒకరోజు టోంచి అనే మేనేజరు వచ్చి కూర్చున్నాడు.

"మేడమ్, ఇలాంటి గొంతులు ఈ తీరం పొడుగునా ఎండుచేపల్లా వేలాడుతున్నాయి. మీకు కావలసింది గొంతు కాదు, ఒక ఊరు."

ఊరు ఉంది. కొండల వెనుక, రాళ్ళ మధ్య. అందులో నానమ్మ లూత్సే ఉంది. స్మిల్యానా ఆ గడప తొక్కి తొమ్మిదేళ్ళయింది, అదేం అడ్డం కాలేదు. ఎర్ర కుట్టుపని కోటు తొడిగి, 'మా నానమ్మ ఒడిలో నేర్చుకున్న పాట' అని మొదటి పాట వదిలారు. రాసింది టోంచి, టాక్సీలో. డప్పు కొట్టింది జపాను యంత్రం. జనం వెక్కి వెక్కి ఏడ్చారు. ఇరవై ఏళ్ళు, ఏడు ఆల్బమ్‌లు, అన్నిటికీ అదే ఒడి. పత్రికలవాళ్ళు జానపదం అన్నారు. జనానికి ఆపద అని నేను విడదీసుకున్నాను.

చివరికి జనానికి మైకం దిగింది. చివరి రెండు ఆల్బమ్‌లు దుకాణాల్లోనే ముసలివయ్యాయి. అప్పుడు రాజధానిలోని జానపద ఉత్సవం వాళ్ళు ఒక మాట చెప్పారు: 'మీ ఊరి ఆడవాళ్ళతో మీ ఊరి కళే తెండి, ముగింపు ప్రదర్శన మీకే ఇస్తాం.' ఆ ముగింపు దక్కకపోతే ఆమెకే ముగింపు. మళ్ళీ తంబోలా.

కారు ఊళ్ళోకి వెళ్ళేసరికి లూత్సే ఉల్లిపాయలు తరుగుతోంది.

"నానమ్మా, నువ్వు నేర్పిన పాటలు కావాలే!"

"నేనెప్పుడు నేర్పానే? నేను గొంతెత్తితే మన గాడిద కట్టు తెంపుకునేది."

టోంచి చేతులు నలుపుకున్నాడు. "మామ్మగారూ, ఊరి పాట ఏదో ఒకటి..."

"ఈ ఊరిది పాట కాదు నాయనా, చిందు. మూగ చిందు. పాటుండదు, వాయిద్యం ఉండదు. చేతులు పట్టుకుని గుండ్రంగా దూకడమే. వినపడేది కాళ్ళు."

"మరి మేడమ్ ఏం చేస్తారు?"

"నోరు మూసుకుంటుంది. అదీ రాదా?"

నాకు ముచ్చటేసింది. పల్లవి లేదు, ఉన్నవన్నీ చరణాలే!

నెల్లాళ్ళు నేర్చుకుంది. చెవిలో యంత్రం టిక్కుటిక్కుమంటే తప్ప అడుగెయ్యని మనిషి, రోజూ ఎవరి కాలో ఒకటి తొక్కేది. "చెవితో కాదే, చేత్తో విను. పక్కదాని చెయ్యి చెబుతుంది" అని లూత్సే అరిచేది. ఎట్టకేలకు కుదిరింది.

ఉత్సవంలో నన్ను నేలకు జానెడు ఎత్తున నిలబెట్టారు. పదకొండు మంది ముసలమ్మలు, లూత్సే పక్కన స్మిల్యానా. తోలు చెప్పులు ఒక్కసారిగా చెక్కను గుద్దాయి. నేను ఇన్నేళ్ళూ మింగింది ఎంగిలేనని అప్పుడు తెలిసింది. చప్పుడు, ఆయాసం, మళ్ళీ చప్పుడు. అందులో స్మిల్యానా కాళ్ళూ ఉన్నాయి, లయ తప్పకుండా పడుతున్నాయి. మైదానమంతా ఊపిరి బిగబట్టింది.

చప్పట్లు లేకుండా నిమిషం బతకని మనిషికి ఆ నిశ్శబ్దం పెదవి విరుపులా తోచింది. మూడో నిమిషంలో రెండు చేతులూ విడిపించుకుంది. వంగి నన్ను పీకింది. "నానమ్మ ఒడిలోఓఓ..." అని ఎత్తుకుంది.

ముసలమ్మలు ఆగలేదు. లూత్సే అవతలావిడ చెయ్యి అందుకుంది. ఆ ఖాళీ పూడడానికి ఒక్క అడుగు చాలింది. వలయం బయట ఈవిడ. మైదానం మొత్తం "ష్ష్ష్!" అంది. శబ్దం చూసేవాడు నన్ను ఆపేశాడు. అది తెలియక చచ్చిన మైకులో ఇంకో రెండు పాదాలు పాడింది.

వేదిక దిగి లోపలికి రాగానే నన్ను గోడకేసి కొట్టింది. లూత్సే ఏరి, ఏప్రాన్ జేబులో వేసుకుంది. ఇప్పుడు నా ఉద్యోగం ఆవిడ వంటింట్లో బాదంకాయలు పగలగొట్టడం. తల సొట్టపోయింది గానీ, లోపలున్నదాన్ని బయటికి తియ్యడం నా జన్మలో ఇదే మొదలు.

మొన్న స్మిల్యానా వచ్చింది, కోటు లేకుండా. వచ్చే వారం నుంచి హోటల్లో మళ్ళీ తంబోలా అంకెలేనట. లూత్సే నన్నూ, ఓ గంపెడు కాయలనూ ఆమె ముందు పెట్టింది. కొన్నిట్లో పప్పు ఉంటుంది, కొన్ని ఉత్త డొల్ల. డొల్ల తగిలినప్పుడల్లా స్మిల్యానా నన్నే తిప్పి తిప్పి చూస్తోంది, లోపం నాలోనే ఉందన్నట్టు.