ఊ కొట్టే తొట్టి

తొట్టి తోమడం నా పని. అందులో కూర్చునే యోగం మాత్రం ఇంతవరకూ పట్టలేదు.

గ్రానైట్ కొనడానికి వచ్చే విదేశీ పార్టీల కోసం మా ఆయన కరుణాకర్‌రావు తొంభై ఆరులో తెప్పించిన బుడగల స్నానాల తొట్టి అది. అప్పటికి కరీంనగర్‌లో ఎవరింట్లోనూ లేదని ఆయన గొప్ప. స్విచ్చి వేస్తే కింద పెట్టెలోని బ్లోయర్ గాలి ఊదుతుంది, నీళ్లలో బుడగలొస్తాయి. పోయిన నెల బుడగలు ఆగిపోయాయి. స్విచ్చి వేస్తే "ఊ" అని మూలుగు, అంతే. నన్ను భయపెట్టింది అది కాదు. మధ్యాహ్నం పూట స్విచ్చి ఆపి ఉన్నా వినపడేది. "ఊ." కాసేపాగి మళ్లీ "ఊ." ఎవరో చెప్తుంటే ఎవరో ఊ కొడుతున్నట్టు.

ఆ సంగతి ఆయనతో అనడమే నా బుద్ధితక్కువ. అత్తమ్మ ఇందిరాదేవి వెంటనే తేల్చేసింది: "దీనికి గాలి సోకిందిరా." బ్లోయర్‌లో లేని గాలి నాలో దొరికిందన్నమాట. చొప్పదండి దగ్గర ఎవరో గాలి దించుతాడట, జుట్టు పట్టుకుని వేపమండలతో కొడతాడట. మా ఆడబిడ్డ వాళ్ల తోటికోడలిని అక్కడికి తీసుకుపోయారు, వచ్చాక ఆ తోటికోడలు మాట్లాడటమే మానేసింది. మంచిగ నయమైందని అందరూ మెచ్చుకున్నారు. నాకు ఆదివారం ఖాయం చేశారు.

హైదరాబాదు మెకానిక్కు వచ్చే నెల గానీ రాడు. పెళ్లైన కొత్తలో మిక్సీ విప్పితే, ఆడోళ్లకు కరెంటుతోటి ఏం పని అన్నాడీయన. ఇంటర్‌లో ఫిజిక్స్ అంటే నాకెంత ప్రాణమో ఆయనెప్పుడూ అడగలేదు. శుక్రవారం మెయిన్ ఆపి పెట్టె విప్పాను. గొట్టం ఊడదీస్తే బ్లోయర్‌లోంచి చెంబెడు నీళ్లు కారాయి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే రబ్బరు రేకు చిరిగిపోయింది. పాత సైకిల్ ట్యూబు కత్తిరించి కొత్త రేకు బిగించాను. ఒక రోజంతా ఆరనిచ్చి శనివారం మధ్యాహ్నం స్విచ్చి వేస్తే, తొట్టి నిండా బుడగలే! మోచేతి దాకా చెయ్యి పెట్టి చిన్నపిల్లలా నవ్వాను. హమ్మయ్య అనుకుని స్విచ్చి ఆపాను.

"ఊ."

గొట్టం మళ్లీ ఊడదీసి చేత్తో పట్టుకున్నాను. "ఊ." నా గొంతేనేమోనని అరచేత్తో నోరు మూసుకున్నాను. "ఊ." గోడ అవతలి నుంచి.

వెళ్లి చూస్తే ఆ పక్క గదిలో మంచం మీద అత్తమ్మ నిద్రలో ఉంది. పెదవులు బిగించే ఉన్నాయి. "ఊ." కాస్త ఆగి, వింటున్నట్టు తల ఆడించి, మళ్లీ "ఊ." మామ చనిపోయి తొమ్మిదేళ్లు. ఆయన ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాడు కాబోలు. ఆయన బతికుండగా వంటింట్లోంచి ఆమె ఇట్లాగే ఊ కొట్టేది. నేనూ ఇట్లాగే కొడతాను. ఏడుపొచ్చింది, ఆమె కోసమో నా కోసమో తెలియలేదు.

అప్పుడే హాల్లోంచి మా ఆయన గొంతు.

"సరళా, రేపు పొద్దుగాల చొప్పదండి పోవాలె. తయారుండు."

నాకంటే ముందే మంచం మీంచి జవాబు వెళ్లింది. "ఊ."

"మంచిది," అని ఆయన పేపరు తిప్పాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఎవరి గొంతో కూడా ఆయనకు తెలియలేదు.

హాల్లోకి వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"నేను రాను," అన్నాను. "ఊ అన్నది నేను గాదు."