‘ఏలడం’ అనే మాటకు ఒక ఉదాహరణ

ఆ శీతాకాలంలో నుకెత్‌ను ఒక ఇంగ్లిషు క్రియ పట్టుకుని వదల్లేదు. రూల్. చూడటానికి పొట్టి మాట, లోపలికి దిగితే అడుగు తగలదు. సుల్తాను దేశాన్ని ఏలితే టర్కిష్‌లో హుక్మెత్మెక్ అనాలి. ప్రభుత్వం పాలిస్తే యోనెత్మెక్. న్యాయమూర్తి తీర్పు చెబితే దానికో మాట, స్కేలు పెట్టి కాగితం మీద గీతలు గీస్తే ఇంకో మాట. ఇవన్నీ సర్దేసినా ఒక అర్థం మాత్రం మిగిలిపోయింది. సింహాసనం లేదు, కుర్చీ లేదు, ఒక ఇంట్లో ఒకరి పెత్తనం సాగుతుంటుంది చూడండి, ఆ ఏలుబడి. దానికి హుక్మెత్మెక్ అంటే మరీ నగారా మోగినట్టుంటుంది, యోనెత్మెక్ అంటే ఆఫీసు వాసన వేస్తుంది. చివరికి ఇళ్ళల్లో జనం వాడే మాటే పెట్టింది, సోజు గెచ్‌మెక్ అని. మాట చెల్లడం అన్నమాట.

ఇస్తాంబుల్‌లో పుస్తకాల వాళ్ళంతా ఉండే బాబాలి వీధిలో, కింద అచ్చుయంత్రాలు తిరుగుతుంటే పైన టీ గ్లాసులు వణికే ఒక గదిలో నుకెత్ పనిచేసే ఇంగ్లిషు-టర్కిష్ నిఘంటువు తయారవుతోంది. పనిచేసేవాళ్ళకు అక్షరాలు పంచిపెట్టారు. నుకెత్ వాటాకి ఆర్ వచ్చింది. సంపాదకుడు రాసిహ్ బే, అంటే రాసిహ్ గారు, పెద్దమనిషి, మెత్తటివాడు, ఒక్క విషయంలో మాత్రం మొండి. ఉదాహరణ వాక్యం కల్పించి రాస్తే ఒప్పుకోడు. ఎవరో ఒకరి నోట్లోంచి వచ్చిన వాక్యమే ఉండాలి, చెవిన పడ్డ వాక్యమే ఉండాలి అంటాడు. ఎక్కడినుంచి తెస్తారు పాపం? అందరూ ఇళ్ళల్లోంచి ఎత్తుకొచ్చేవారు. ఒకాయన పిసినారి ఇంటి యజమాని ఎల్ అక్షరంలో స్థిరపడ్డాడు. ఇంకొకాయన మేనమామ కీళ్ళనొప్పులు ఎస్‌లో శాశ్వతమయ్యాయి. ఎవరికీ బెరుకు లేదు. ఇంట్లోవాళ్ళు నిఘంటువు చదువుతారా ఏమన్నానా అన్నది వాళ్ళందరి ధీమా. అలాంటి తెలివితక్కువ ధీమా చదువుకున్నవాళ్ళకే వస్తుంది.

నుకెత్‌కి ఇంట్లో గని ఉంది. అత్తగారు, మక్బూలె హానుమ్, అంటే మక్బూలె గారు. పడవ దిగి ఉస్కుదార్‌లో ఇల్లు చేరేసరికి తలుపు తీసేది ఆవిడే. పొద్దుణ్ణించి మనవరాలు నిల్గున్‌ని చూసుకుని, వండి, వడ్డించి, అప్పుడు మొదలుపెట్టేది కబుర్లు. చేపలవాడు ఏమన్నాడు, పక్కింటి హాజెర్ దానికి ఎలా మూతి తిప్పింది, అన్నీ ఎవరి గొంతుతో వాళ్ళవి. వింటూ కోడలు కడుపు పట్టుకుని నవ్వేది. మర్నాడు వాటిలో ఒకటో రెండో ఆఫీసుకు వెళ్ళేవి. చూడకుండానే మక్బూలె హానుమ్‌కి రాసిహ్ బే అభిమాని అయిపోయాడు. ఆ క్రియతో కోడలు కుస్తీ పడుతున్నదని తెలిశాక ఆవిడ రోజూ కోటు అందుకుంటూ అడిగేది.

“ఆ మాట తేలిందా తల్లీ?”

“తేలలేదమ్మా.” అక్కడ కోడళ్ళు అత్తగారిని అమ్మా అనే పిలుస్తారు.

“తేలుతుందిలే. నువ్వు సూప్ తాగు ముందు.”

అయితే ఆ ఇంట్లో పెత్తనం కూడా ఆవిడదే, అందులో అబద్ధం లేదు. కిటికీలు ఎప్పుడు తెరవాలి, చెప్పులు ఏ వైపు తిరిగి ఉండాలి, నిల్గున్‌కి ఏ రంగు స్వెటర్ వెయ్యాలి, అన్నీ ఆవిడ చెప్పినట్టే. నుకెత్‌కి అది హాయిగానే ఉండేది, ఒక్కోసారి తప్ప. తుర్గాయ్ పుట్టినరోజున ఆమె ఆఫీసు నుంచి పెందరాళే వచ్చి, మొగుడికి తన చేత్తో పిలావ్ చేద్దామని ముచ్చటపడి పొయ్యి మీద ఉల్లిపాయలు వేసింది. అత్తగారు వచ్చి, మోచేత్తో కోడల్ని పక్కకి జరిపి, మంట తగ్గించి, ఇవి వేగడం లేదమ్మాయ్, ఏడుస్తున్నాయి, నువ్వెళ్ళి కూర్చుని నీ మాటలు చూసుకో అంది. తుర్గాయ్ నవ్వాడు. అత్తగారి మాట కంటే ఆ నవ్వే ఒళ్ళు మండించింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి కోటు విప్పకుండానే రాసింది. “ఆ ఇంట్లో మాట అత్తగారిదే, ఆవిడ సెలవివ్వందే ఉల్లిపాయ కూడా వేగదు.” గదిలో అందరూ పగలబడి నవ్వారు. రాసిహ్ బే రెండుసార్లు చదివి, ఇదీ ఇంట్లో విన్నదే అనుకుని, ఆ క్రియకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదని ఆమోదించాడు. నుకెత్‌కి కడుపు చల్లబడింది. ఆ సాయంత్రం అత్తగారు ఎప్పటిలాగే అడిగితే, తేలిపోయిందమ్మా అని చెప్పింది. ఎలా తేలిందో చెప్పలేదు. ఆవిడ సంబరపడి ఆ రాత్రి భోజనంలోకి గుమ్మడి హల్వా చేసింది.

ఇంతవరకూ అయితే కోపంలో చేసిన పని అనుకోవచ్చు. నుకెత్ తనను తాను అసలు క్షమించుకోలేకపోయింది తర్వాత చేసినదానికి. ఆర్ అక్షరం అచ్చుచిత్తులు దిద్దే రోజుల్లోనే నిల్గున్‌కి తట్టు పోసింది. సెలవు పెడతానంటే మక్బూలె హానుమ్ ససేమిరా అంది. పిల్లకి నేనున్నాను, పుస్తకానికి నువ్వు తప్ప ఎవరున్నారు అని కోడల్ని పడవకి తరిమింది. చీకటి చేసిన గదిలో మనవరాలి పక్కన కూర్చుని, ఒళ్ళు గోక్కోకుండా చేతులు పట్టుకుని, నోరెండిపోయేదాకా కథలు చెప్పింది. అక్కడ బాబాలి వీధిలో నుకెత్ ముందుకి అదే కాగితం వచ్చింది. ఉల్లిపాయ వాక్యం మీద పెన్సిలు ఆగింది. ఒక్క గీత చాలు, పోయేది. వాక్యం బాగుంది కదా, తీసేస్తే ఇంకోటి వెతకాలి కదా అనుకుంది. పెన్సిలు ముందుకు జరిగిపోయింది.

వసంతంలో పుస్తకం వచ్చింది. నీలం అట్ట, గోడకు ఇటుకలా వాడుకోవచ్చు. మక్బూలె హానుమ్ దాన్ని ముందుగదిలో బీరువా మీద పెట్టి లేసు గుడ్డ కప్పింది. వచ్చినవాళ్ళందరికీ గుడ్డ తీసి చూపించేది. నెలకోసారి వీధిలోని ఆడవాళ్ళు ఒకరింట్లో చేరి టీ తాగే రోజు ఆ నెల వీళ్ళ వంతు అయింది. బోరెక్‌లనే పొరల రొట్టెలు అయ్యాయి, బిస్కట్లు అయ్యాయి, ఊరి సంగతులు అయ్యాయి. హాజెర్ మనవరాలు బెల్గిన్ ఇంగ్లిషు చదువుతోందని తెలియగానే మక్బూలె హానుమ్ లేచి, గుడ్డ తీసి, పుస్తకం తెచ్చి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. మా అమ్మాయిని నెల్లాళ్ళు తిండి తిననివ్వని మాట ఒకటుంది, రూల్ అని, అది చదివి పెట్టు, అందరూ వింటారు అంది.

నుకెత్ చేతిలో టీ పళ్ళెం ఉంది. అది చాలా విసుగు పుట్టించేదమ్మా, టీ చల్లారుతుంది అంటూ ఏదో అడ్డం పడబోయింది. అత్తగారు చేత్తో ఊరుకోమంది. నిఘంటువు రాసినవాళ్ళకి తెలిసినంత బాగా ఎవరికి తెలుస్తుంది, మాట వెతుక్కోవడం ఎంత తేలికో. బెల్గిన్ ఇట్టే పట్టుకుంది. సుల్తాను ఏలడం చదివింది, ప్రభుత్వం పాలించడం చదివింది. ఆడవాళ్ళు ప్రార్థన వింటున్నంత శ్రద్ధగా తలలూపారు. మక్బూలె హానుమ్ అయితే ఒక్కొక్క అర్థానికీ కోడలి వంక చూసి మురిసిపోయింది. తర్వాత ఉల్లిపాయ వచ్చింది.

అందరికంటే ముందు హాజెర్ అందుకుంది. “ఇది మన మక్బూలె కాదూ.”

ఇంకేముంది, నవ్వులే నవ్వులు. ఒకామెకి టీ పొలమారింది. పెద్దావిడ ఒకరు మళ్ళీ చదవమని అడిగి మరీ నవ్వింది. అందరి తర్వాత మక్బూలె హానుమ్ కూడా నవ్వింది. నవ్వి, టీ తీసుకోండి, టీ తీసుకోండి అని ఎవరి గ్లాసు నిండుగా ఉందో కూడా చూడకుండా అంది. నుకెత్‌కి తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత ఇంట్లో ఏ గొడవా జరగలేదు. జరిగినా బాగుండేది. అత్తగారు దెప్పలేదు, మూతి ముడవలేదు, కొడుక్కి చెప్పి ఏడవలేదు. పుస్తకం మీద లేసు గుడ్డ కూడా అలాగే ఉంది. అయితే రాత్రికి ఏం వండాలని కోడలు అడిగితే, నీ ఇష్టం అనడం మొదలుపెట్టింది. కిటికీ తెరవనా అని కోడల్ని అడిగింది. పిల్లకి ఈ స్వెటర్ వెయ్యొచ్చా అని అడిగింది. నుకెత్ కోటు అందుకునేటప్పుడు, అలిసిపోయావా అని మాత్రం అనేది. ఆవిడ కబుర్లలోని చేపలవాడూ హాజెరూ ఎక్కడికి పోయారో, ఆ ఇంట్లో మళ్ళీ అడుగు పెట్టలేదు. తుర్గాయ్‌కి చెబితే, అమ్మ ఆరోజు నవ్విందిట కదా, నీదంతా చాదస్తం అన్నాడు. మగవాళ్ళకి నవ్వు కనిపిస్తే చాలు.

నుకెత్ ఆఫీసులో సంగతి చెప్పింది. రాసిహ్ బే నొచ్చుకుని, మలిముద్రణలో ఆ వాక్యం తీసేద్దామన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె ఆ ఆదివారం వంటింట్లోకి వెళ్ళింది. అత్తగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నుకెత్ నేల మీద ఆవిడ మోకాళ్ళ దగ్గర కూర్చుంది. ఎంత కూడగట్టుకున్నా మాటలు సరిగా రాలేదు. కోపంలో రాశానని, అచ్చుకు ముందు కొట్టేసే వీలుండి కూడా కొట్టెయ్యలేదని, అది నిల్గున్‌కి తట్టు పోసిన రోజుల్లోనని, ఏదీ దాచకుండా చెప్పింది. మళ్ళీ అచ్చువేసేటప్పుడు అది ఉండదని కూడా చెప్పింది.

మక్బూలె హానుమ్ చేతిలోని కాయకి ఈనె తీసి గిన్నెలో వేసింది. “ఎందుకు తియ్యడం. అబద్ధమైతే వాళ్ళెవరూ నవ్వేవాళ్ళు కాదు.”

“నన్ను తిట్టమ్మా.”

“తిట్టడానికేముంది.” ఆవిడ ఇంకో కాయ అందుకుంది. “నెలంతా రోజూ ఈ గుమ్మంలో నిలబడి అడిగాను తల్లీ, ఆ మాట తేలిందా అని. అమ్మా, నీ పెత్తనం నన్ను బాధపెడుతోంది అని ఒక్కసారి అంటే సరిపోయేది కదా. దేశానికంతా చెప్పావు. నాకు తప్ప.”

నుకెత్ ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. ఆవిడ తడి చెయ్యి ఎప్రన్‌కి తుడుచుకుని కోడలి జుట్టు నిమిరింది. పోనీలే, నేనేం మనసులో పెట్టుకోలేదు అంది. నిజంగానే అంది. నిజంగానే పెట్టుకోలేదు కూడా, ఆవిడ అలాంటి మనిషి కాదు. నుకెత్ గుండె బరువు దిగింది. ఇక అంతా సర్దుకుంటుందనుకుంది.

క్షమించడం ఆవిడ చేతిలో ఉంది, క్షమించింది. నోరు మాత్రం ఆవిడ చేతిలో లేదు. ఒకసారి జాగ్రత్త నేర్చుకున్న నోరు మళ్ళీ మునుపటిలా తెరుచుకోలేదు. వేసవి వచ్చింది, మలిముద్రణకు కబురూ వచ్చింది. ఆ వాక్యం స్థానంలో వేరేది కావాలి, విన్నది కావాలి, కల్పించింది కుదరదు అని రాసిహ్ బే గుర్తుచేశాడు. నుకెత్ దగ్గర ఒక్కటీ లేదు. వెనకటి రోజుల్లో అయితే ఇంటికి వెళ్ళి సూప్ తాగేలోపు నాలుగు దొరికేవి.

ఆ సాయంత్రం పడవ ముందే దొరికి ఆమె త్వరగా ఇల్లు చేరింది. తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వస్తుంటే వంటింట్లోంచి మక్బూలె హానుమ్ గొంతు వినిపించింది. చేపలవాడి గొంతుతో. వాడి పెళ్ళాం చెల్లెలు ఊరినుంచి వచ్చి త్రాసు పట్టుకోవడం నేర్పబోయిందట, నిల్గున్ కిలకిలా నవ్వుతోంది, ఆవిడ ఊపులో ఉంది. అమ్మయ్య, తిరిగొచ్చింది అనుకుంటూ నుకెత్ కోటు కూడా విప్పకుండా నవ్వుమొహంతో గుమ్మంలోకి వెళ్ళింది. అత్తగారు చూసింది. చేపలవాడు మాట మధ్యలో ఆగిపోయాడు.

“తర్వాత, నానమ్మా?” అంది నిల్గున్.

“ఏం లేదమ్మా. తర్వాత వాళ్ళు ఇంటికి వెళ్ళిపోయారు.” ఆవిడ లేచి కోడలి కోటు అందుకుంది. “అలిసిపోయావా తల్లీ?”

లేదమ్మా అంది నుకెత్. తర్వాత, ఆఫీసు పని మిగిలిందని చెప్పి, ముందుగదిలోకి వెళ్ళి తలుపు గట్టిగా వినబడేలా వేసుకుంది. వంటింట్లో కాసేపు గిన్నెల చప్పుడే వినిపించింది. ఆ తర్వాత చాలా తగ్గు గొంతుతో చేపలవాడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక్క మాటా తెలియడం లేదు, పిల్ల నవ్వు మాత్రం వినిపిస్తోంది. తలుపు తెరిస్తే ఆగిపోతుందని, నుకెత్ కదలకుండా కూర్చుంది.