ఎలాగూ కుడుతూనే ఉన్నావుగా

చేతులకు సముద్రం వాసన.

సబ్బుతో ఒకసారి. ఉప్పుతో ఒకసారి. నిమ్మచెక్కతో మరోసారి — అయినా పోదు. గోళ్ళ కింద, అరచేతి గీతల్లో, ఉంగరం వేలి మడతలో... నాచు వాసన.

మూడుసార్లు కడుక్కుంటే గానీ మసుయో బట్ట ముట్టదు.

పొద్దున్న ఐదింటికి ఆమె నాచు ఫ్యాక్టరీకి వెళుతుంది. ఉడికిన సముద్రపు నాచు నుంచి ఈనె చీల్చి పక్కన పడెయ్యడం ఆమె పని. నిలబడే చెయ్యాలి. మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరుతుంది. రెండు నుంచి ఐదు — మూడు గంటలు. పొయ్యి వెలిగించే వేళ దాకా ఆ మూడు గంటలూ తనవి.

తనవని ఆమె అనుకుంటుంది. ఊరు అలా అనుకోదు.

కిటికీ కింద అట్టపెట్టెలు. మొదటిదాంట్లో పొరుగింటి కుమగైగారి భర్త ప్యాంట్లు నాలుగు. ఆయన పొట్ట తగ్గిందట, నడుము బిగించాలి. రెండోదాంట్లో రేవు దగ్గరి సత్రం వాళ్ళవి — మార్చిలో ఆడపిల్లల పండుగకు దారాలకు కట్టి వేలాడదీసే గుడ్డ కుందేళ్ళు. నలభై. వాటిలో ఇరవై ఆరింటికి ఇంకా కళ్ళు లేవు. మూడోదాంట్లో మనవరాలు కొహన బడి సంచులు. ఏప్రిల్లో పిల్ల ఒకటో తరగతిలో చేరుతుంది. బడివాళ్ళు కొలతల కాగితం పంపారు. పుస్తకాల సంచి అడ్డం నలభై సెంటీమీటర్లు, నిలువు ముప్ఫై. చెప్పుల సంచి ఇంత, గ్లాసు సంచి ఇంత, పిడి ఇంత. కింద ఒక పువ్వు బొమ్మ వేసి, "దయచేసి ఇంట్లోనే ప్రేమగా కుట్టండి" అని రాశారు.

ఎవరి ప్రేమో రాయలేదు.

నాలుగో పెట్టెలో ఊళ్ళోవాళ్ళు ఎప్పుడెప్పుడో ఇచ్చిపోయిన పాత పనులు. దాని మూత తీయాలంటేనే ఆమెకు భయం.

ఈ పెట్టెలన్నిటి వెనక, గోడవారగా, పాత దుప్పట్లో చుట్టి — ఆమె బొంత.

నీలం. అంతా నీలమే. రేవు దగ్గరి నీలం, లోతుల్లో నీలం, వాన వచ్చే ముందరి నీలం... వెయ్యిన్నెనభై ముక్కోణపు ముక్కలు. ఫ్యాక్టరీలో తిండి వేళ పైకిటికీలోంచి సముద్రం కనబడుతుంది. అంత దూరం నుంచి చూస్తే దానికి వాసన ఉండదు. అలాంటి సముద్రం ఒకటి ఇంట్లో ఉండాలనిపించింది ఆమెకు. పదకొండేళ్ళ కిందట అనిపించింది. ముక్కకు ముక్క కలపడానికి ఏడేళ్ళు పట్టింది. పైబట్ట, దూది, అడుగుబట్ట మూడూ కలిపి సన్నటి కుట్టు వేసుకుంటూ రావడానికి నాలుగేళ్ళు. ఇంకా మూడో వంతు మిగిలే ఉంది.

మొన్న కూర్చుని లెక్కేసింది. రోజూ ఆ మూడు గంటలూ దీనికే ఇస్తే ఇరవై రోజుల పని.

ఇరవై రోజులు! నాలుగేళ్ళుగా ఆ ఇరవై రోజులు దొరకలేదు.

ఎందుకు దొరుకుతాయి?

"ఎలాగూ కుడుతూనే ఉన్నావుగా, ఈ బొత్తాం కూడా..." — భర్త సదావో.

"ఎలాగూ కుడుతూనే ఉన్నారుగా, ఈ అంచు కాస్త..." — కుమగైగారు.

ఎలాగూ. ఆ మాట వింటే చాలు, ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎక్కినా నోరు మాత్రం "దానికేం, అక్కడ పెట్టండి" అంటుంది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. మొత్తేవాళ్ళ తప్పు కొంత. మెత్తగా ఉన్నవాళ్ళ తప్పు ఇంకొంత. ఈ రెండో ముక్క ఆమెకు తెలుసు, అందుకే మరీ ఒళ్ళుమంట.

గురువారం గురువారం కమ్యూనిటీ హాలు మేడ మీద బొంతలు కుట్టే ఆడవాళ్ళ జట్టు ఒకటి కలుస్తుంది. ఏటా ఫిబ్రవరి చివర ప్రదర్శన పెడతారు. ఒక్కొక్కరికీ ఒక్కో గోడ, గోడ మీద పేరు చీటీ. పదేళ్ళుగా మసుయో గోడ మీద చీటీ ఒక్కటే ఉంటోంది. "మసుయో — ఇంకా తయారవుతోంది." చూడవచ్చినవాళ్ళు ఆ ఖాళీ గోడ ముందు ఒక్క క్షణం ఆగి, మర్యాదగా తల వంచి, ముందుకు వెళ్ళిపోతారు. నవ్వినా బాగుండును.

ముప్ఫై మంది ఉండేవారు జట్టులో. ఇప్పుడు ఆరుగురు. నేర్పే ఒనొదెరా టీచరమ్మకు ఎనభై నాలుగు, మెట్లెక్కలేరు. ఈ ఇరవై నాలుగో తారీకుదే ఆఖరి ప్రదర్శన. తర్వాత జట్టు లేదు.

"మసుయో, ఈసారైనా నీ గోడ ఖాళీగా ఉంచకు. వచ్చే ఏడు గోడే ఉండదు" అన్నారు టీచరమ్మ.

ఆ సాయంత్రమే ఆమె పెట్టెలన్నీ పక్కకు జరిపి బొంత తీసింది. కూర్చుంది. నాలుగు కుట్లు వేసింది.

ఫోను మోగింది.

"అమ్మా, ఇరవయ్యో తారీకున కొహన వాళ్ళ నర్సరీలో నాటకం. పిచ్చుకల వేషాలు. నీకు పెద్ద పనేం కాదులే." కూతురు చిహో. పక్క ఊళ్ళో ఆసుపత్రిలో నర్సు.

"ఒక్క పిచ్చుకేగా?"

"తొమ్మిది."

"తొమ్మిదా!"

"మిగతా తల్లులందరూ ఉద్యోగాలు చేసేవాళ్ళమ్మా. మా అమ్మ ఎలాగూ కుడుతూనే ఉంటుంది అని అందరి ముందూ చెప్పేశాను. ఇప్పుడు కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నేనూ ఉద్యోగమే చేస్తున్నాను" అంది మసుయో. ఫోను పెట్టేశాక అంది. గోరుచుట్టు మీద రోకటి పోటు. పోటు పడ్డాక అరిస్తే ఎవరికి వినబడుతుంది?

తొమ్మిది పిచ్చుకలు. పద్ధెనిమిది రెక్కలు. ఇరవై ఆరు కుందేళ్ళు. యాభై రెండు కళ్ళు...

ఫిబ్రవరి ఎనిమిది. సూదుల పండుగ.

ఆ రోజు ఆ తీరంలో ఎవరూ సూది పట్టరు. విరిగినవి, వంగినవి, తుప్పు పట్టినవి ఏడాది పొడవునా దాచి, ఆ రోజు గుడికి తీసుకెళ్తారు. పీట మీద, సోయాపాలు విరిచి చేసిన జున్నులాంటి టోఫు గడ్డ ఇంత పెద్దది ఉంటుంది. మొండి బట్టల్ని పొడిచి పొడిచి అలిసిన సూదులకు ఆఖరికి ఒక మెత్తని చోటు. ఒక్కొక్కటే అందులో దించి, చేతులు జోడించి — చాలా కష్టపడ్డావు తల్లీ, ఇక పడుకో — అనాలి.

మసుయో దగ్గర దగ్గుబిళ్ళల డబ్బాలు రెండున్నాయి. ఒకే రంగు, ఒకే సైజు. ఒకదాంట్లో మంచి సూదులు, ఒకదాంట్లో విరిగినవి. ఏళ్ళ తరబడి పక్కపక్కనే ఉన్నాయి. ఎప్పుడూ పొరపాటు జరగలేదు.

ఆ రోజు ఫ్యాక్టరీలో ఆలస్యమైంది. గుడి మూసే వేళవుతోంది. మంచు పడుతోంది. ఇంట్లోకి పరుగున వచ్చి, బూట్లు విప్పే తీరిక లేక, బూట్లతో చాప తొక్కకూడదు గనక పాదాలు గాల్లోకి ఎత్తి మోకాళ్ళ మీద పాకింది. అరవై ఒక్కేళ్ళ మనిషి! కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది. చెయ్యి చాచింది, అందిన డబ్బా అందుకుంది, అలాగే వెనక్కి పాకింది.

గుళ్ళో వరసలో నిలబడి సూదులు దించుతోంది. నోరు పడుకో పడుకో అంటోంది. బుర్ర పద్ధెనిమిది, యాభై రెండు అంటోంది. సూదులు సులువుగా దిగుతున్నాయి. ఈసారి టోఫు మంచి రకం కాబోలు అనుకుంది.

"మసుయోగారూ, మీ సూదులేంటండీ ఇంత నిటారుగా ఉన్నాయి! చచ్చినా మర్యాద వదలవా ఏంటి?" వెనక నుంచి కుమగైగారు. "అన్నట్టు ఆ ప్యాంట్లు... ఇవాళ అడక్కూడదు కదూ. రేపు అడుగుతాలెండి."

నవ్వాలి కాబట్టి మసుయో నవ్వింది.

మర్నాడు రెండింటికి, చేతులు మూడుసార్లు కడుక్కుని, డబ్బా మూత తీసింది.

తుప్పు. వంకరలు. ముక్కలు. బెజ్జం విరిగినవి.

మంచి సూదులు ముప్ఫై ఒకటీ — మెరిసేవి, పదునైనవి, ఆమె వేళ్ళకు అలవాటైనవి — గుళ్ళో టోఫులో పడుకుని ఉన్నాయి.

బూట్లు వేసుకుంది. గుమ్మం దాటింది. సందు మలుపు దాకా వెళ్ళింది.

అక్కడ ఆగింది.

పడుకోమని చెప్పి ఒక్కరోజు కాలేదు. ఇప్పుడు వెళ్ళి — లే, పనుంది, పిచ్చుకలున్నాయి, కుందేళ్ళున్నాయి — అని మెడ పట్టుకుని లాగాలా? నడుము వాల్చిన మనిషిని ఒక్క మాట కోసం లేపడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఎన్నిసార్లు లేచిందో లెక్కలేదు. జ్వరంలో లేచింది. బాలింతగా లేచింది. ఎవరూ ఆమెకు చేతులు జోడించి, చాలా కష్టపడ్డావు, ఇక పడుకో అనలేదు.

మలుపులో, మంచులో, ఆమెకు ఏడుపొచ్చింది. సూదుల కోసం మాత్రం కాదు.

తిరిగొచ్చింది. బొంత విప్పింది. నీలం మధ్యలో, వేసి ఆపేసిన కుట్టు దగ్గర, ఒక సూది గుచ్చి ఉంది. తొందరలో డబ్బాలో పెట్టడం మరిచిపోయినది.

ఒక్కటి.

"సూదులకేం కరువొచ్చింది?" అన్నాడు సదావో సంగతంతా విని. "ఫోన్లో నొక్కితే ఎల్లుండికి గుమ్మంలో ఉంటాయి. నొక్కనా?"

"నొక్కకండి."

"మరి పిచ్చుకలో?"

ఆమె సూది గుచ్చుకోకుండా అంగుస్తానా వేలికి తొడుక్కుంది. ఒక్క సూది ఒకేసారి రెండు బట్టల్లో ఉండలేదు. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఇన్నేళ్ళు పట్టినందుకు ఆమెకు తన మీదే చిరాకేసింది. చిరాగ్గానే కుట్టింది. చిరాకులో కుట్టు భలే నేరుగా వచ్చింది.

మర్నాడు కుమగైగారు వచ్చారు. "సూదులు గుళ్ళో ఉన్నాయండీ" అంది మసుయో. కుమగైగారు బిత్తరపోయి, ప్యాంట్లు చంకన పెట్టుకుని వెళ్ళారు. సత్రం వాళ్ళ కుందేళ్ళను కళ్ళు లేకుండానే పెట్టెతో సహా సదావో చేత పంపించేసింది. ఆయన దారి పొడవునా గొణిగాడట. గొణగనీ.

పదకొండో తారీకు సెలవు. చిహో వచ్చింది. చేతిలో గోధుమరంగు బట్ట తాను. గుమ్మంలో బూట్లు విప్పి, లోపలికొచ్చి, ఆగిపోయింది. గదిలో అడుగు పెట్టే చోటు లేదు. గోడ నుంచి గోడ దాకా నీలం పరిచి ఉంది.

"అమ్మా, పిచ్చుకలు మొదలుపెట్టావా?"

"లేదు."

"ఇంకా తొమ్మిది రోజులేగా ఉన్నాయి!"

"సూదుల్లేవు."

"అదేంటి, నీ చేతిలో ఉందిగా?"

"ఇది నాది" అంది మసుయో.

తల ఎత్తకుండా అంది. చిహో బట్ట తాను దబ్బున కింద పెట్టింది.

"నాకు వరసగా నాలుగు రాత్రులు డ్యూటీ అమ్మా. నాకు కుట్టడం రాదు. మిగతా ఎనిమిది మంది తల్లులకూ ఏం చెప్పమంటావ్?"

"నీతో కలిపి తొమ్మిది మందికీ చేతులున్నాయా?"

"ఉండకేం?"

"అయితే సరిపోయింది. అంటించుకోండి, స్టేప్లర్ కొట్టుకోండి. పిచ్చుక ఎలాగున్నా పిచ్చుకే."

చిహో మొహం ఎర్రబడింది. కళ్ళ కింద నల్లటి చారలు. రాత్రి డ్యూటీ చేసి నేరుగా వచ్చినట్టుంది. ఆ చారలు చూసి మసుయో చెయ్యి ఆగింది. దానికేం, అక్కడ పెట్టు — ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. పళ్ళు బిగపట్టింది. కూతురు కష్టం అబద్ధం కాదు. తన కష్టమూ అబద్ధం కాదు. రెండింటికీ మధ్య ఒక్క సూది.

చిహో కాళ్ళు ముడుచుకుని బొంత అంచున కూలబడింది. కోపంగా ఆ నీలం వంక చూస్తూ కూర్చుంది. చూస్తూ చూస్తూ, ఒక ముక్క మీద వేలు పెట్టింది. తర్వాత పక్క ముక్క మీద. ఈ ఇంట్లో పదకొండేళ్ళుగా దుప్పట్లో చుట్టి ఉన్న ఈ వస్తువును ఆమె ఎన్నడూ విప్పి చూడలేదు.

"ఇన్ని ముక్కలా..." అంది నెమ్మదిగా. "ఇది ఎవరి కోసమమ్మా?"

మసుయో కుట్టు ఆపి, మనసులోనే వెతుక్కుంది.

సంచులు కొహన కోసం. కుందేళ్ళు సత్రం కోసం. ప్యాంట్లు పక్కింటి పొట్ట కోసం. కుట్టిన ప్రతి కుట్టుకూ ఒక పేరుంది, అడిగితే టక్కున చెప్పగలదు. దీనికి మాత్రం... టీచరమ్మ కోసం అందామా? ప్రదర్శన కోసం అందామా? చలికాలం ఎవరైనా కప్పుకుంటారులే అందామా? మూడు అబద్ధాలు మూడు క్షణాల్లో తట్టాయి. మూడూ మర్యాదగానే ఉన్నాయి.

"నా కోసం" అంది.

అవసరమైన దానికంటే గట్టిగా అంది. పక్క గదిలో సదావో టీవీ శబ్దం తగ్గించాడు.

చిహో తల్లి మొహంలోకి చూసింది. బట్ట తాను చుట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టింది. వెళ్ళడానికి లేవలేదు. ఉండిపోతున్నట్టూ లేదు.

ఇంకా పదమూడు రోజులున్నాయి. పని ఇంకా పదిహేడు రోజులది. మసుయో దారం తెంపి, కొస తడిచేసి, వెలుతురుకేసి సూది ఎత్తి పట్టుకుంది. మొదటిసారి దారం ఎక్కలేదు. రెండోసారీ ఎక్కలేదు.

"ఇటివ్వు, నేను ఎక్కిస్తా" అని చెయ్యి చాచింది చిహో.

మసుయో ఇవ్వలేదు. మూడోసారి ప్రయత్నించింది.