కామసానిదేవి కేళీసరోవరము

ప్రచండ మార్తాండ కిరణ సంతప్తములగు నల్లమల శిఖరములు దావాగ్ని ధూమధూసరితములై కానరాగా, జలశూన్యములైన సెలయేటి దారులు తెల్లని గులకఱాళ్లతో కొండవాలుల బడియుండగా, పుడమి యెల్ల నొక్క వానచినుకునకై నోరు దెఱచుకొని యున్న జ్యేష్ఠమాసమున శంఖగిరి దుర్గాధీశ్వరియగు కామసానిదేవి కోటబురుజుపై నిలిచి యెదుటి కొండను ఱెప్పవాల్పక చూచుచుండెను.

పతి మరణానంతరము రాజ్యభారము వహించిన యామెకు రెండు కోరికలు కలవు. కొండవాగునకు కట్ట వేయించి యా నీటిని ఱాతికంబములపై నిలిపిన కాలువగుండ లోయ దాటించి కఱవువాత బడిన పొలములకు పాఱించుట మొదటిది. కొండమీది పల్లమున నౌకావిహారమునకు యోగ్యమగు కేళీసరోవరమును నిర్మించుట రెండవది. వేటకేగినపుడెల్ల పతి యా పల్లమున గుడారము వేయించి "ఇచట నీకొక సరస్సు త్రవ్వింతును" అని పలికియుండెను గావున రెండవదియే యామె హృదయమునకు చేరువయైనది.

తన సీమలో నట్టి విద్య నెఱిగినవాడు లేమింజేసి జలసూత్ర విశారదుడగు మారనార్యుని పొరుగు రాజ్యమునుండి రప్పించెను. ఆ పొరుగురాజే యామె పతిని రణమున గూల్చినవాడు.

మారనార్యుడు మితభాషి. కాలువ కొలతలు వేగిరమే ముగించెను గాని సరస్సు మాట యెత్తినంతనే "పరీక్షించుచున్నాను" అని తల వంచుకొనుచుండెను. ప్రతిదినము వేకువనే కావడికుండలతో నొంటరిగా పల్లమునకేగి వట్టికుండలతో మరలుచుండెను. దండనాయకుడగు గుండయ యిది కనిపెట్టి యొకనాడు రాణి చెంతకు వచ్చెను.

"దేవీ! కోటగోడ నానుకొని పోవు నా కాలువలో మనుష్యుడు వంగి నడువవచ్చును. రేపు నీటికి మారుగా పగవాని భటు లందుండి దిగరని నమ్మకమేమి?"

ఆనాటినుండి మారనార్యుని నవ్వునందును మౌనమునందును సైతము రాణికి కపటమే తోచెను. తుద కొక యుదయమున గుండయతో గూడి పల్లము చెంత బండలమాటున పొంచియుండెను. మారనార్యుడు వచ్చి బండ నెఱ్ఱెలో చిక్కని యెఱ్ఱని ద్రవమును పోయసాగెను.

"విషము!" అని గుండయ కత్తి దూసెను.

"లత్తుకనీరు దేవీ" అని మారనార్యుడు తడబడక పలికెను.

"విషము కాదేని త్రాగుము" అని రాణి యాజ్ఞాపించెను.

అతడు కుండయెత్తి గటగట త్రాగెను. పెదవులు రక్తవర్ణములయ్యెను. "క్రింద చెంచుగూడెమునకు దయచేయుడు. నా మాట నిజమో బొంకో అచట తెలియును" అనెను.

రాణి యప్పటికిని నమ్మక యతని చేతులు కట్టించి కొండ దిగెను. గూడెమున నొక ముదుసలి చెంచిత పరుగున నెదురువచ్చి "తల్లీ, కొన్నాళ్లాయె, మా ఊట ఎర్రంగ పారుతాంది. కొండదేవరకు ఏం కోపమొచ్చిందో నువ్వైనా అడుగమ్మా!" అని మొఱపెట్టెను. చఱియ మొదట ఱాతి సందునుండి లత్తుకరంగు నీరు సన్నగా స్రవించుచుండెను.

"కుండెడు నీరే కొండను తొలుచుకొని వచ్చుచున్నది. సరస్సంత నీరు పైన నిలిచిన నీ చఱియ జాఱి యీ గుడిసెల గప్పివేయును" అని మారనార్యుడనెను.

"మొదటనే యేల చెప్పవైతివి?"

"పగవాని సీమనుండి వచ్చినవాడు మీ పతి కోరిన సరస్సు వలదన్న నమ్మియుందురా? మీరు నన్ను శంకించితిరి. నేనును మిమ్ము శంకించియే నోరు మెదపనైతిని."

కామసానిదేవి చాలసేపు గూడెపు బిడ్డల వంక చూచెను. పిదప స్వహస్తములతో నతని కట్లు విప్పెను. సరస్సు మాట మఱెన్నడును ఎత్తలేదు.

మఱుసటి వర్షర్తువున కట్ట నిండెను. తూము తెఱచిన నాడు నీరు ఱాతికంబములమీదుగా ఘోషించుచు లోయ దాటి బీటలువాఱిన చేలలో జొచ్చెను. ఉండుమని రాణి యెంత వేడినను మారనార్యుడు తన పని ముగిసినదని సెలవు గైకొని యొంటరిగా పొలిమేర దారి పట్టెను.

గుండయ సమీపించి "దేవీ, వెనుక వేగులవారిని పంపుదునా?" అని మెల్లగా నడిగెను.

"వలదు" అని కామసానిదేవి పాదుకలు విడిచి తడిసిన చేనిలోనికి దిగెను.